కాళ్ళు చూశాకే కంచం

మా మామయ్య, అంటే మా ఆయన తండ్రి, నన్ను మెచ్చుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు అనడం కూడా అతిశయోక్తే. అన్ని వేళ్ళు అక్కర్లేదు. ఆయన పదాతిదళంలో పనిచేసి హవల్దారుగా రిటైరై వచ్చిన మనిషి. నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే మనిషిని. యుద్ధం చేసినవాడికీ యుద్ధాల మీద నోట్సు చెప్పేదానికీ ఒకే వంటింట్లో ఎట్లా పొసగుతుంది? పొసగలేదు. ఆయన పొద్దున్నే బూట్లు తుడుచుకుంటూ రేడియోలో వార్తలు వినేవాడు. నేను పోపు వేస్తూ ఆ వార్తలకు జవాబులు చెప్పేదాన్ని. ఆయన నా జవాబులకు జవాబులు చెప్పేవాడు. "మీరిద్దరు ఒక్క పల్టన్‌ల పుట్టాల్సినోళ్ళు" అనేది మా అత్తయ్య. అది పొగడ్త కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళ సంగతి ఇది. ఆ ఏడు పిల్లలకు అమెరికా అంతర్యుద్ధం చెప్పాల్సి వచ్చి, పుస్తకాలు ముందేసుకుని వరండాలో కూర్చున్నాను. బానిసత్వం పోకూడదని దేశం నుంచి విడిపోయిన దక్షిణ రాష్ట్రాలు, వాటి సైన్యం. అందులో ఒక పదాతి రెజిమెంటు కథ చదువుతున్నాను. ఎక్కువమంది చిన్న రైతుల కొడుకులు. బూట్లు అరిగిపోయి, కాళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని చలికాలంలో నడిచారట.

మామయ్య వెనక నుంచి తొంగిచూశాడు. "ఏంది చదువుతున్నవ్?"

చెప్పాను.

"బూట్లెందుకు లేవు?"

"ఓడిపోయేవాళ్ళకు సరఫరా ఉండదు మామయ్యా."

"సరఫరా లేకనే ఓడినరు. పిల్లలకు ఉల్టా చెప్తున్నవ్."

నాకు మండింది. "వాళ్ళు దేనికోసం కొట్లాడారో తెలుసా మీకు? మనుషుల్ని సంతలో గొడ్లను అమ్మినట్టు అమ్ముకునే హక్కు కోసం. వాళ్ళ కాళ్ళు పగిలితే నాకేం జాలి లేదు."

"జాలి ఎవరడిగిన్రు? గా అమ్ముకునే హక్కు బూట్లున్నోనిదా, లేనోనిదా?"

"లేనోడు కూడా తుపాకి పట్టాడు కదా. పట్టినందుకు వాడూ జవాబుదారే."

"అవ్, వాడు గూడ జవాబుదారే," అన్నాడు, నేను అనుకోనంత తేలిగ్గా. "కానీ వాని కాళ్ళు చూసే జవాబుదారీ వాని నాయక్‌ది. గా నాయక్ ఏం చేసిండో రాసిన్రా నీ పుస్తకంల?"

రాయలేదు. జనరళ్ళ గడ్డాల బొమ్మలు మాత్రం పేజీకొకటి ఉన్నాయి. ఆ మాట పైకి అనలేదు, ఒప్పుకున్నట్టవుతుందని. దక్షిణాది సైన్యం మీద నా అభిప్రాయం ఈనాటికీ అదే. కానీ ఆ తర్వాత ఏ యుద్ధం పాఠం చెప్పినా, వీళ్ళ కాళ్ళు ఎవరు చూశారు అనే ప్రశ్న నోటిదాకా వచ్చి కూర్చుంటుంది. దానికి కారణం ఆ వాదన కాదు. ఆ డిసెంబర్లో జరిగినది.

ముందు ఈ కాళ్ళ పిచ్చి ఏమిటో చెప్పాలి. బంగ్లాదేశ్ యుద్ధంలో మామయ్య నాయక్. అంటే ఒక సెక్షన్‌కు పెద్ద. చేతి కింద ఎనిమిదో తొమ్మిదో మంది జవాన్లు. వాళ్ళు నడిచిన నేలంతా నీళ్ళేనట. వరిమడి, కాలువ, మళ్ళీ వరిమడి. బూటు ఆరిన రోజు లేదు. తడి బూటులో కాలు రెండు రోజులుంటే తోలు మెత్తబడి మేజోడుతో పాటే ఊడివస్తుంది. పదాతిదళానికి కాలే కదా బండి. ఒక్కడి కాలు పోతే వాణ్ణి మోయడానికి ఇంకో నలుగురు కావాలి, అంటే సెక్షన్ ఆగినట్టే. అందుకని ఆగిన ప్రతిచోటా మామయ్య అందరి చేతా బూట్లు విప్పించి, ఒక్కొక్కరి కాలు చేతిలోకి తీసుకుని, వేళ్ళ సందులు విడదీసి చూసి, తుడిచి, ఆవనూనె పూసి, అప్పుడు తిండికి పంపేవాడు. అందరి కాళ్ళూ పాసయ్యాక, అందరూ తిన్నాక, తను తినేవాడు. పుండును దాచినవాడికి మాత్రం చెంపదెబ్బ. "కాలు దాచినోడు శత్రువుకు దారి చూపినట్టే" అని ఆయన శాసనం.

యుద్ధం అయిపోయింది. శాసనం అయిపోలేదు. సెక్షన్‌లో మిగతావాళ్ళు ఎక్కువగా తమిళనాడు, కేరళ వాళ్ళు. మన జిల్లాకు చేరినవాళ్ళు నలుగురు. ఒకాయన సత్తుపల్లి దగ్గరివాడు, ఆర్టీసీలో కండక్టరు. ఒకాయన ఖమ్మంలోనే ఒక బ్యాంకు ముందు తుపాకి పట్టుకుని కూర్చునే గార్డు. ఒకాయన నేలకొండపల్లి వైపు మిరపతోట రైతు. నాలుగో ఆయన దుమ్ముగూడెం అవతల అడవి పల్లెకు చెందిన కోయ మనిషి, సెక్షన్‌కు స్కౌటు, అంటే అందరికంటే ముందు ఒంటరిగా నడిచి దారి చూసి వచ్చేవాడు. ప్రతి డిసెంబర్లో యుద్ధం ముగిసిన రోజున ఈ నలుగురూ మా ఇంటికి వచ్చేవాళ్ళు. ఆ విందును వాళ్ళు బడాఖానా అనేవాళ్ళు. ఆఫీసర్లు వడ్డించి జవాన్లు తినే విందుకు మిలటరీలో అదే పేరు.

మా వరండాలో బెంచీ మీద నలుగురు ముసలాళ్ళు చెప్పులు విప్పి వరసగా కూర్చునేవాళ్ళు. మామయ్య పీట వేసుకుని కింద కూర్చుని ఒక్కొక్కరి కాలు ఒళ్ళో పెట్టుకునేవాడు. ఆవనూనె వాసనకు మా అత్తయ్య ముక్కు మూసుకుని, "పండుగపూట ఈ కంపేంది, పల్లినూనె చాలదా మీ కాళ్ళకు?" అని గొణిగేది. ఇరుగుపొరుగు వాళ్ళకు నూనె కాదు సమస్య. భూమి, పరువు ఉన్న ఇంటి పెద్దమనిషి కోయాయన కాలు ఒళ్ళో పెట్టుకోవడం సమస్య. ఎదురింటావిడ ఒకసారి నా దగ్గర ఆ మాట ఎత్తింది. "మీ ఇంట్లో కాళ్ళు చూసేవాళ్ళు లేక మీకు కుళ్ళు" అన్నాను. ఆవిడ నాతో ఒక ఏడాది మాట్లాడలేదు. నాకు హాయిగానే ఉండింది.

ఆ స్కౌటు అంటే మామయ్యకు ఒక పాలు ఎక్కువ. దాని వెనక కథను కండక్టరు ప్రతి ఏడాదీ చెప్పేవాడు, ప్రతి ఏడాదీ మేం మొదటిసారి విన్నట్టే వినేవాళ్ళం. ఒక తెల్లవారుజామున మంచులో వరిగట్టు మీదుగా పోవాలి. బూటు తడిలో చప్పుడు చేస్తుందని ఈయన బూట్లు విప్పి మెడలో వేసుకుని వట్టి కాళ్ళతో ముందుకు పోయాడు. గట్టు చివర మెషీన్‌గన్ ఉందని చూసి, పాకుతూ వెనక్కి వచ్చి చెప్పాడు. దాంతో కంపెనీ మొత్తం చుట్టు తిరిగి పోయింది. "ఆయన చెప్పకపోతే ఈ బెంచీ మీద ఎవరూ ఉండేవాళ్ళు కాదమ్మా, మీ అత్తగారి మటన్ మిగిలిపోయేది" అనేవాడు కండక్టరు. ఆ పోయిరావడంలో ఆయన అరికాలు వెదురు మోడు గుచ్చుకుని చీలింది. చెప్పకుండా బూటు తొడుక్కుని నడిచాడు. తర్వాతి మజిలీలో మామయ్య చూశాడు. అంత పని చేసివచ్చిన మనిషి చెంపను అందరి ముందూ పగలగొట్టాడు. తర్వాత ఆ కాలికి తన సొంత మేజోడు తొడిగాడు.

"కొట్టడం ఎందుకు మామయ్యా, మెచ్చుకోవాలి గానీ" అని ఒకసారి వాదించాను.

"మెచ్చుకునేటందుకు కర్నల్ సాబ్ ఉన్నడు. నా డ్యూటీ కాళ్ళు" అన్నాడు.

ఇక ఆ ఏడు. స్కౌటు ఎప్పుడూ బడాఖానాకు ముందు రోజు సాయంత్రమే దిగేవాడు, భుజాన సంచిలో తేనెసీసా, చింతపండు, అత్తయ్యకు ఇష్టమైన ఎండు వెదురుకొమ్ములు. ఆ ఏడు రాలేదు. మర్నాడు మధ్యాహ్నం బస్సు కూడా చూశాం. ఆయన ఊళ్ళో ఫోన్ లేదు. మామయ్య మిగతా ముగ్గురి కాళ్ళు చూశాడు, వడ్డించాడు. వాళ్ళు తినలేక తిన్నారు. తన కంచం మాత్రం బోర్లించాడు.

"తినండి మామయ్యా, ఏదో పని తగిలి ఉంటుంది" అన్నాను.

"ఒకని కాళ్ళు చూడలే."

"ఇది ఖమ్మం. యుద్ధం అయిపోయి మీసాలు తెల్లబడ్డాయి."

"నీకు అయిపోయింది" అని, పొద్దుటికి జీపు కిరాయికి మాట్లాడమని బ్యాంకు గార్డును పంపాడు.

మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. పండుగలకు డ్యూటీలో ఉండడం ఆయన సంప్రదాయం. తెల్లారి అత్తయ్య నా చేతిలో క్యారియరు పెట్టింది. పులిహోర, మటన్ వేపుడు. "నువ్వు గూడ పో బిడ్డా. ఈ ముసలోళ్ళు నలుగురు కొట్లాట తెలిసినోళ్ళే గానీ మాట్లాడ తెల్వనోళ్ళు. అడవిల ఎవరన్న ఎదురైతే నీ నోరన్న పనికొస్తది."

ఆ మాటలో తిట్టు ఎంతో, నమ్మకం ఎంతో నాకు తెలుసు. వెళ్ళాను.

భద్రాచలం దాటి, దుమ్ముగూడెం దాటి, తారు ఆగిపోయి, మట్టి ఆగిపోయి, ఒక వాగు దగ్గర జీపు కూడా ఆగిపోయింది. అక్కడి నుంచి నడక. చలికని గార్డు తన పాత మిలటరీ స్వెట్టరు వేసుకొచ్చాడు, ఆకుపచ్చది, భుజాల మీద పట్టీలతో. అది ఎవరికీ తప్పుగా తోచలేదు, నాకు కూడా. దిగగానే మామయ్య చెయ్యి ఒకలా ఊపాడు. నలుగురూ మాట్లాడకుండా ఒకరి వెనక ఒకరు, ఇంత ఇంత ఎడంతో, వరసకట్టి నడక మొదలుపెట్టారు.

"కలిసి నడవొచ్చు కదా, మాట్లాడుకుంటూ" అన్నాను.

"గుంపుగ నడిస్తే ఒక్క బాంబుకు అందరు పోతరు."

"ఇక్కడ బాంబు ఎవరు వేస్తారు?"

ముందు నుంచి కండక్టరు అన్నాడు: "మీరు మాట్లాడుతూ ఉండండమ్మా, ఎవడో ఒకడు వేస్తాడు."

ఆ రోజుల్లో ఆ అడవిలో మనుషులు అట్లా వరసగా, ఎడంగా, ఆకుపచ్చ బట్టల్లో, సద్దు లేకుండా నడిస్తే చూసేవాళ్ళకు రెండే అర్థాలు. ఒకటి నక్సలైట్ల దళం, రెండు పోలీసులు. ఏది అనుకున్నా తలుపు వేసుకోవడమే. మేం పల్లె చేరేసరికి పొయ్యిల మీద కుండలు ఉడుకుతున్నాయి, మనుషులు లేరు. ఒక కుక్క మాత్రం ధైర్యం చేసి మొరిగింది. నేను గట్టిగా అరిచాను, "మేం ఖమ్మం నుంచి వచ్చాం, మిలటరీ ఆయన ఇంటికి!" అని. ఒక తడిక వెనక నుంచి స్కౌటు భార్య బయటికి వచ్చి మామయ్యను చూసి ఏడ్చింది. తర్వాత నవ్వింది. "మీరా సారూ! ఎవరో అనుకుంటిమి."

ఆయన వసారాలో నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. దుప్పటి మెడదాకా కప్పుకున్నాడు. లేవబోయి కూలబడ్డాడు.

"ఉస్తాద్, జరం. బస్సు ఎక్కలేకపోయిన."

సెక్షన్‌లో అందరూ మామయ్యను పిలిచేది ఉస్తాద్ అనే.

"జరాన్ని అడగలే. కాళ్ళు చూపియ్."

"జరమే ఉస్తాద్..."

మామయ్య దుప్పటి కొస పట్టుకున్నాడు. ఆయన ఇటు కొస పట్టుకున్నాడు. అరవై దగ్గరికొచ్చిన ఇద్దరు మగవాళ్ళు చిన్నపిల్లల్లా దుప్పటి లాగులాట. చివరికి భార్యే విసురుగా లాగేసింది. "నాకు గూడ చూడనియ్యలే సారూ. పూజారితోటి కోడిని కోయించిన, ఆకు తెచ్చిచ్చిన, తనే కట్టుకున్నడు. తగ్గింది తగ్గింది అంటడు."

కుడికాలు బొటనవేలు, పక్కవేలు నల్లబడి ఉన్నాయి. కట్టిన ఆకు కింద నుంచి తీపి కలిసిన కుళ్ళు వాసన. మా నాన్నకు చక్కెర వ్యాధి ఉండేది. ఆ వాసన నాకు తెలుసు.

మామయ్య చెయ్యి లేచింది. కొడతాడనే అనుకున్నాను. స్కౌటు కూడా అనుకున్నట్టున్నాడు, చెంప ఇటు తిప్పి కళ్ళు మూసుకున్నాడు. ఆ చెయ్యి కిందికి దిగి అరికాలు కింద ఆగింది.

"ఎందుకు దాచినవ్?"

"కాలు ఖరాబైనోడు సెక్షన్ మొత్తాన్ని ఆపుతడు అంటివి గదా. నేనొస్తే బడాఖానా ఆగిపోద్దని రాలే."

"రానందుకే ఆగింది" అన్నాడు మామయ్య. "నిన్నటి సంది తిన్లే నేను."

స్కౌటు కళ్ళు తెరిచి ఆయన్ని చూశాడు. లేచి కూర్చుని కాలు ఇటు చాపాడు.

దవాఖానాకు తీసుకుపోవాలి, అదీ వెంటనే. అక్కడే వచ్చింది అసలు తప్పు. ఆ పల్లెల్లో రోగులను డోలీలో మోస్తారు. ఒక పొడవాటి కర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టి ఇద్దరు భుజాన వేసుకుంటారు. స్కౌటు భార్య అదే చెప్పింది, "డోలి కట్టుండ్రి సారూ, అందరు గట్లనే పోతరు" అని. మామయ్య వినలేదు. డోలీలో కాలు ముడుచుకుంటుంది, రక్తం ఆడదు అన్నాడు. రెండు వెదుర్లు కొట్టించి, దుప్పటిని వాటి చుట్టూ మడతలేసి, సూది దారం లేకుండా స్ట్రెచర్ తయారుచేశారు. మనిషి బరువుకే మడతలు బిగుసుకుంటాయి. అది యుద్ధంలో నేర్చిన పని. చూడముచ్చటగా ఉండింది, అబద్ధం ఎందుకు. కండక్టరు మోకాలి నొప్పి, రైతు ఆయాసం, గార్డు నస, అన్నీ ఎక్కడికో పోయాయి. "ఉఠా" అన్నాడు మామయ్య. నలుగురూ ఒక్కసారి లేచారు. మంచినీళ్ళ గిన్నె పెట్టినా తొణకదు.

ఆ చక్కదనమే మా కొంప ముంచింది.

వాగు దగ్గరికి వచ్చేసరికి నా చెప్పు పట్టీ మడమను కోసేసింది. చెప్పలేదు నేను. చెప్తే అందరూ ఆగాలి. నేనూ స్కౌటు భార్యా వెనక నడుస్తున్నాం, నా చేతిలో క్యారియరు, భుజాన గుడ్డసంచి. అవతలి గట్టు పొదల్లో నుంచి అరుపు: "ఆగండి! చేతులెత్తండి!"

ఏడెనిమిది మంది పోలీసులు, తుపాకులు మా వైపు. ముందు ఒక యువ ఎస్సై. అడవిలో, మిలటరీ స్వెట్టరు, గాయపడ్డ మనిషి, స్ట్రెచరు, అడుగులో అడుగేసి మోసే నలుగురు, వెనక సంచీతో ఒక ఆడమనిషి. వాళ్ళ చోట నేనున్నా అదే అనుకుందును.

"చేతులెత్తమంటే!"

"ఎత్తితే మనిషి పడతడు" అన్నాడు మామయ్య, కదలకుండా. తర్వాత తనవాళ్ళతో, "ధీరే... నీచే." నలుగురూ ఒక్క ఊపున మోకాళ్ళు వంచి, చప్పుడు లేకుండా స్ట్రెచర్ దించి, ఒక్కసారే నిలబడి, ఒక్కసారే చేతులెత్తారు.

ఎస్సై కళ్ళు చిట్లించాడు. "మంచి ట్రైనింగే. ఎవరిచ్చారు?"

"సర్కార్ ఇచ్చింది సార్" అన్నాడు మామయ్య. ఆయన ఉన్నదున్నట్టే చెప్పాడు. అది వెటకారంలా వినబడింది. ఒక తుపాకి కొంచెం పైకి లేచింది.

మామయ్య మాజీ సైనికుల కార్డు ఖమ్మంలో పెట్టెలో ఉంది. మిగతావాళ్ళవీ అంతే. నా నోటి సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. చేతులెత్తి, క్యారియరు ఎత్తి, ముందుకు నడిచాను.

"నువ్వెవరు? పేరేంటి? అసలు పేరు చెప్పు."

"నాకు ఒక్కటే పేరు సార్. కాలేజీలో అదే, రేషన్ షాపులో అదే. చరిత్ర లెక్చరర్ని. వీళ్ళు బంగ్లాదేశ్ యుద్ధం చేసిన పాత సైనికులు. ఈయన మా మామగారు."

"గాయం ఎక్కడ తగిలింది ఆయనకు? బుల్లెటా?"

"చక్కెర."

"ఏంటి?"

"షుగరు పుండు సార్. తుపాకి దెబ్బో చక్కెర పుండో కళ్ళకు తెలియకపోతే ముక్కుకు తెలుస్తుంది. రండి, వాసన చూడండి." స్ట్రెచర్ దగ్గరికి వెనక్కి వచ్చి ఆకు విప్పాను. "రండి సార్, దూరం నుంచి విచారణ ఏంటి? మీ డ్యూటీ మీరు చేయాలి కదా. మీ తర్వాత వీళ్ళంతా కూడా ఒక్కొక్కరే చూడొచ్చు. కావాలంటే క్యారియరు కూడా చూడండి, పులిహోర ఉంది. ఏది ఏ వాసనో మీరే తేల్చుకోండి."

ఎస్సై నిజంగానే వాగు దాటి వచ్చి వంగాడు, అతని వెనకే మిగతావాళ్ళూ వచ్చారు. వంగినంత వేగంగా లేచి, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగాడు. ఒక కానిస్టేబులుకు నవ్వు ఆగలేదు. స్కౌటు పడుకునే సెల్యూట్ చేశాడు. "పాత సిపాయిని సార్. కాలు దాచిన. తప్పు నాదే."

తుపాకులు దిగాయి. ఎస్సై మామయ్యతో, "డోలీలో తీసుకుపోవచ్చు కదండీ, మాకీ తిప్పలు ఉండేది కాదు" అన్నాడు. స్కౌటు భార్య నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

మామయ్య చేతులు దించాడు గానీ కదలలేదు. "సార్, మీ మూడో జవాను కుంటుతున్నడు. మీ పార్టీల కాళ్ళు ఎవరు చూస్తరు?"

"కాళ్ళా?"

"బూట్లు ఎప్పుడు విప్పిన్రు?"

ఆ మూడో కుర్రాడు ఎస్సై వైపు ఆశగా చూశాడు. మేం వాగు దాటి వెనక్కి చూసేసరికి గట్టు మీద కూర్చుని అతను బూటు లేసు విప్పుకుంటున్నాడు.

భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ కట్టు విప్పి చూసి, లోపలికి తీసుకుపోయి, చాలాసేపటికి బయటికి వచ్చింది. వేళ్ళు రెండూ ఉండవు, పాదం ఉంటుంది అంది. ఇంకొంచెం ఆలస్యమైతే మోకాలి దాకా పోయేదట.

"పాదం ఉంటదా?" అన్నాడు మామయ్య.

"ఉంటుందండీ."

"నడుస్తడా?"

"నడుస్తాడు."

మామయ్య పంపు దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు. మామూలుకన్నా ఎక్కువసేపు కడుక్కున్నాడు. నేను అటు చూడలేదు. వచ్చి, "కూసోండ్రి" అన్నాడు.

"ఇక్కడా ఉస్తాద్?" అన్నాడు కండక్టరు. "జనం చూస్తున్నారు."

"చూడనియ్."

వరండా బెంచీ మీద ముగ్గురూ చెప్పులు విప్పారు. రోగులు, వాళ్ళ మనుషులు, ఊడ్చే ఆవిడ అందరూ ఆగి చూస్తున్నారు. మామయ్య నేల మీద కూర్చుని జేబులోంచి చిన్న సీసా తీశాడు. ఆవనూనె. యుద్ధానికి పోయినా పెళ్ళికి పోయినా ఆ జేబులో ఉండేది. ముగ్గురివీ చూశాడు, తుడిచాడు, పాస్ చేశాడు. లోపలికి పోయి మంచం మీద స్కౌటు రెండో కాలు కూడా చూసి వచ్చాడు. నేను క్యారియరు విప్పి వడ్డించాను. స్కౌటు భార్య తింది. ముగ్గురూ తిన్నారు. చివర మామయ్య కంచం అందుకుని, పులిహోర ముద్ద కలిపి, నోటి దగ్గరికి తెచ్చి ఆగాడు. నా చెప్పుల వైపు చూస్తున్నాడు.

"నువ్వు గూడ నడిచినవ్ గదా."

"నాకేం కాలేదు. తినండి మామయ్యా."

ముద్ద కంచంలో పెట్టేశాడు. "చూపియ్."

"కోడలి కాళ్ళు మామ పట్టుకుంటే లోకం ఏమంటుంది?"

"లోకం నడిచిందా మనతోటి?"

చెప్పు విప్పి బెంచీ మీద కూర్చున్నాను. అత్తవారింట అడుగుపెట్టిన రోజున నేను వంగి దండం పెట్టిన మనిషి, నా కాలు ఒళ్ళో పెట్టుకుని, మడమ మీద ఊడిన తోలును చూసి, నాలుకతో చప్పుడు చేశాడు. నూనె మండింది. కళ్ళల్లో నీళ్ళు నూనె మంటకే అని చెప్పాను, ఎవరూ అడగకుండానే.

"వాగుకంటే ముందే కోసుకుంది ఇది. అప్పుడే చెప్పాల్సింది."

"చెప్తే మీరు ఆగేవాళ్ళు కదా."

"లోపలోడు గూడ గదే అన్నడు" అని వార్డు వైపు చెయ్యి చూపించాడు. "ఇద్దరు దొంగలు." చెంపదెబ్బ ఎక్కడ పడుతుందో అని నేను కొంచెం వెనక్కి జరిగాను. ఆయన తన మేజోడు ఒకటి విప్పి నా మడమకు తొడిగి, చేతులు కడుక్కుని వచ్చి, కంచం ముందుకు లాక్కున్నాడు. నిన్నటి నుంచి ఖాళీగా ఉన్న కడుపు. ఆత్రపడలేదు, ముద్ద ముద్దా నమిలి తిన్నాడు.

"పులిహోర పాచిపోయింది" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"కాళ్ళు ఫెయిల్" అన్నాడు తలెత్తకుండా. "నోరు పాస్."

నేను దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నాను. ఇంటికి వచ్చాక అత్తయ్యకు చెప్తే, అది పొగడ్త ఎట్లయితది, ఉన్నమాటే గదా అంది.